చప్పుడు చెయ్యని కారు

ముప్పై ఏళ్లుగా ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కుకు, కూతురు కొన్న చవక కరెంటు కారు మీద ఆవగింజంత నమ్మకం కూడా లేదు. బానెట్‌కు చెవి ఆనిస్తే ఏమీ వినపడలేదు. "నోరు విప్పని బండిని ఎట్లా నమ్ముతావే?" అని కసిరాడు.

ఆమె ఆఫీసు ఇరవై కిలోమీటర్లు. ఎక్కడో ఓచోట ఆగకపోదా అని, ఆగితే కట్టి లాగడానికి భుజాన తాడు వేసుకుని రోజూ మోటార్‌సైకిలు మీద ఆమె వెనకే వెళ్లేవాడు. మూడు నెలలైనా కారు ఆగలేదు. ఓ ఉదయం అతని బండే ఆగింది. కూతురి కారు చార్జింగు మీది ధ్యాసలో తన పెట్రోలు చూసుకోలేదు.

కూతురు కారు వెనక్కి తెచ్చి తలుపు తీసింది. "ఎక్కు నాన్నా, బంకు దాకా తీసుకెళ్తా."

తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మీటరు వంక ఓరగా చూశాడు.

"మెల్లగా పోనీ తల్లీ. నా బరువు కూడా కలిసింది, చార్జింగు సరిపోతుందో లేదో!"