ముందు దీపం చూశాడు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని వీధిలో అందరూ పాతకారాయన అనేవారు. పెళ్ళైన కొత్తలో ఒక గోడౌను వెనక, చక్రాలు లేక ఇటుకల మీద కూర్చున్న కారును చూసి మనసు పారేసుకున్నాడు. ఆయన కంటే వయసులో పెద్దదది. తుప్పు గీకి, అతుకులు వేయించి, ఊరూరా తిరిగి సామాను వెతికి, దాన్ని రోడ్డెక్కించేసరికి తలలో నెరసిన వెంట్రుకలు కనిపించాయి.

ఆయన పట్టుదల ఒకటే. కారు కార్ఖానాలోంచి ఎలా బయటికొచ్చిందో అలాగే ఉండాలి. అప్పట్లో లేని రేడియో ఇప్పుడూ ఉండకూడదు. బిగించే మరలు సైతం ఆనాటివే కావాలి. దాని మీద ఈగ వాలినా సహించేవాడు కాదు. భార్య దాన్ని "మా సవతి" అనేది. తనకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమని చెప్పి వెళ్ళిపోయే మనిషి, సవతి కాస్త దగ్గితే దుకాణమే మూసేస్తాడని వచ్చినవాళ్ళకు చెప్పి నవ్వేది. నవ్వుతూనే ఆదివారం పూట ముందు సీట్లో కూర్చుని, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, దారిలో కనిపించిన వాళ్ళందరినీ పలకరించేది.

ఆమె తమ్ముడు బస్సు డ్రైవరు. రోడ్డు మీద చూడకూడనివి చాలా చూసినవాడు. ఒకసారి సీటు బెల్టులు రెండు కొని పట్టుకొచ్చాడు.

"బావా, అక్క ముందు కూర్చుంటుంది. ఎదురుగా ఉన్నది ఇనుప రేకు. ఇవి బిగించు."

బిగించాలంటే తలుపు పక్క స్తంభానికి, కింది రేకుకు చిల్లులు పెట్టాలి. ఆయన నవ్వేశాడు.

"దీనికి చిల్లు పెడితే పాత కారు కాదురా, పాత ఇనుము."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె మొగుణ్ణే వెనకేసుకొచ్చింది. మీ బావ నడిపితే నడిచేవాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోతారు, నీ భయం నీ బస్సులో పెట్టుకో అంది. బెల్టులు బీరువా మీదికి చేరాయి.

ఆ ఏడు వానలు వెలిసాక ఒక ఆదివారం, అంగళ్ళన్నీ మూసి మనిషి కనిపించని మార్కెట్టు మలుపులో సైకిలు మీద ఒకతను అడ్డం వచ్చాడు. ఆయన బ్రేకు తొక్కి చక్రం పక్కకు తిప్పాడు. కారు కరెంటు స్తంభాన్ని తాకింది. పెద్ద దెబ్బ కూడా కాదు. ఎడమ దీపం అద్దం పగిలింది, బంపరు వంగింది. ఆయన దిగి, ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ అద్దం ఇప్పుడెక్కడా దొరకదు. పెంకులు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. రేకు సొట్టపడిన చోట వేలితో తడిమాడు. భార్య ఇంకా దిగి మందలించలేదేమిటని అప్పుడు తల ఎత్తాడు.

ఆమె నుదురు ఇనుప రేకుకు ఆనించి, ఏదో వెతుక్కుంటున్నట్టు ముందుకు వంగి ఉంది. పిలిస్తే పలకలేదు.

తగిలిన క్షణంలోనే ప్రాణం పోయి ఉంటుందని, వెంటనే తెచ్చినా చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. ఓదార్పుగానే చెప్పాడు. ఆయనకు మాత్రం ఆ మాట ఎక్కడా అంటలేదు.

కర్మలన్నీ అయ్యాక, పాత కార్లున్న వాళ్ళలో ఒక పెద్దమనిషి పలకరించడానికి వచ్చాడు. కాసేపు కూర్చుని, లేచి వెళ్తూ వెళ్తూ పెరట్లో ఉన్న కారు చుట్టూ తిరిగాడు. బంపరు సరిచేయించవచ్చన్నాడు. రేడియేటరు గతి ఏమిటని అడిగాడు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తూ చెప్తూ ఒంగి చూపించాడు, గొంతుకు జీవం వచ్చింది, చేతులు తిప్పాడు. తల తిప్పేసరికి గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు.

పెద్దమనిషి వెళ్ళాక బావమరిది అడిగాడు.

"బావా, ఆ రోజు దిగి ముందు ఏం చూశావు?"

అబద్ధం చెప్పవచ్చు. చూసినవాళ్ళెవరూ లేరు. సైకిలతను అప్పటికే పారిపోయాడు.

"దీపం," అన్నాడు ఆయన.

బావమరిది చెప్పులు వేసుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే బస్సు ఆపకుండా పోయేవాడు.

కారును అమ్మేస్తాడనుకున్నారు. అమ్మలేదు. అద్దం కోసం ఎవరెవరికో కబురు పెట్టి, ఎట్టకేలకు సంపాదించాడు. ఆదివారం పొద్దున్నే దాన్ని కడిగి, మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. భార్య జ్ఞాపకమని చూసుకుంటున్నాడు పాపం అని ఎదురింటావిడ అంటుంది. ఆయన గుడ్డ దులిపి మళ్ళీ తుడుస్తాడు. తుడవడం పూర్తయ్యాక ఎండ ఆ రేకు మీద పడుతుంది. ఆయనకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది. కలిగినందుకు, ఆ రోజంతా అన్నం సహించదు.