మొగుడి ముద్ర

స్టాంపులు సేకరించే వాళ్లందరూ ఆమెను పట్టకారు అనేవారు. స్టాంపుకు వేలు తగలకుండా పట్టుకునే చిన్న పట్టకారు ఎప్పుడూ ఆమె చేతిలో ఉంటుందని పైకి చెప్పే కారణం. ఒకసారి పట్టుకుంటే వదలదన్నది అసలు కారణం. ఆ పేరు పెట్టింది సొంత మరిదే. వదినంటే వాడికి ఒళ్లు మంట. వాడంటే ఆమెకు అంతకు రెట్టింపు మంట, అందులో దాపరికమేమీ లేదు.

ఇద్దరి కొట్లూ ఒకే కాంప్లెక్సులో ఉండేవి. వాడిది రోడ్డు వైపు, అద్దాల తలుపుతో, ఏసీతో. ఆమెది మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే చోట. ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం, అంతే. పాత స్టాంపులు అమ్మే ఆ కొట్టు ఆమె భర్తది. పెళ్లయిన కొత్తలో స్టాంపంటే కవరు మీద అంటించేదని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని కాగితం, జిగురు, అంచుల పళ్లు అన్నీ ఓపిగ్గా నేర్పాడు.

ఆయన పోయినా ఆయన ముద్ర మాత్రం బతికే ఉంది. తన చేతిమీదుగా పోయే ప్రతి స్టాంపు వెనకా గోరంత రబ్బరు ముద్ర వేసి, కింద పెన్సిలుతో పొట్టి సంతకం పెట్టేవాడు. ఇది అసలుది, దీనికి నాది పూచీ అని దాని అర్థం. ఆ ముద్ర కనిపిస్తే జనం మారుమాట్లాడకుండా కొనేవారు. ఆమె కొట్లో మిగిలిన సరుకంతా ఆయన ముద్ర వేసి పెట్టిందే. ఆమే, అత్తగారూ తింటున్నది దాని మీదే.

ఇక దొంగ స్టాంపులంటే ఆమెకు పూనకం వచ్చేది. ఎక్కడో ఒక చిన్న దేశం పేరు పెట్టి, ఆ దేశానికే తెలియకుండా ఏదో ప్రెస్సులో రంగురంగుల సెట్లు అచ్చు కొట్టి, సేకరించే వాళ్లకు అంటగట్టేవారు. పోస్టాఫీసు మొహం చూడని స్టాంపులవి. ఎగ్జిబిషన్లలో బల్లల ముందు నిలబడి, ఇది దొంగది, ఇదీ దొంగదే అని అందరూ వినేలా చెప్పేది. తపాలా శాఖకు అర్జీలు పెట్టి పెట్టి అలిసిపోయింది. ముష్టి స్టాంపుకు కేసేమిటమ్మా అని పోలీస్ స్టేషన్లో ఎస్సై నవ్వితే, ఆ నవ్వు ఆగేదాకా కుర్చీలోంచి లేవలేదు. మరిది కొట్టు నిండా ఆ సరుకేనని ఆమెకు తెలుసు. కానీ ఆమెకు గానీ, ఆమె పంపిన మనిషికి గానీ వాడు ఒక్క స్టాంపు అమ్మేవాడు కాదు.

చివరికి ఒక బస్సు కండక్టరు వచ్చాడు. బస్సు బొమ్మలున్న స్టాంపులు మాత్రమే సేకరించే మనిషి. ఏదో దీవి పేరున్న బస్సుల సెట్టును ఎగ్జిబిషన్లో పెడితే, నిర్వాహకులు అందరి ముందూ తీయించేశారట. అవి మావి కావని ఆ దీవి తపాలా శాఖే ప్రకటించిందట. ఆ దీవిలో అసలు బస్సే లేదట! డిపో మొత్తం చూడటానికొచ్చిన రోజే పాపం ఇలా తల కొట్టేసినట్టయింది. సెట్టును ఆమె బల్ల మీద విసిరేశాడు.

"మీ ఆయన ముద్ర చూసే కొన్నానమ్మా. తిప్పి చూడండి."

ఎక్కడ కొన్నావంటే మరిది కొట్లో అన్నాడు. ఆమెకు కడుపు నిండినంత పనైంది. వెధవ దొంగ ముద్ర చేయించాడు, ఇన్నాళ్లకు దొరికాడు అనుకుంటూ తిప్పింది. ముద్ర కింద పెన్సిలు సంతకం ఉంది. చివరి గీతను కిందికి లాగి పైకి విరిచే ఆ తీరు ఆమె కాపురమంతా చూసింది. దీపం దగ్గరికి జరుపుకుంది. భూతద్దం పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. అనుమానం లేదు, అది ఆయన చెయ్యే. సెట్టు ఉంచి వెళ్లు, ఆదివారం స్టాంపుల సంఘం మీటింగుకు రా అని కండక్టరును పంపేసి, నేరుగా మరిది కొట్లోకి వెళ్లింది.

వాడు దాచలేదు సరికదా, కాలు మీద కాలేసుకుని మరీ చెప్పాడు. సరుకు తెప్పించింది తనేనట, ముద్ర వేసింది అన్నేనట. మెట్ల కింద వదిన నిజాయితీ వెలగబెడుతుంటే ఇల్లు దేనితో గడిచిందనుకుంటోందని అడిగాడు. ముద్ర వేసిన పెట్టెలు లోపల ఇంకా ఉన్నాయట, ఉన్నన్నాళ్లూ అమ్ముతాడట.

"వెళ్లి చెప్పు వదినా. నా సంగతి తర్వాత, ముందు అన్న పేరు బజార్న పడుతుంది. నీ కొట్లో మంచి సరుకు కూడా చిత్తు కాగితమైపోతుంది. నోరు మూసుకుంటే ఇద్దరం బతుకుతాం."

సిగ్గులేదా అని అడగబోయి ఆగింది. ఆ మాట ముందు అడగవలసిన మనిషి వేరే ఉన్నాడు, ఆయనకిక వినపడదు. ఇంటికెళ్లి అత్తగారికి చెప్పింది. ఇంటి గుట్టు లంకకు చేటు, పోయినవాడి మీద బురద చల్లకు, చిన్నవాణ్ణి నాలుగు తిట్టి ఊరుకో అంది అత్తగారు. ఇద్దరూ ఆవిడ కన్న కొడుకులే మరి.

ఆదివారం లైబ్రరీ మేడ మీద మీటింగు. సంఘం ప్రెసిడెంటు ఒక పళ్ల డాక్టరు. మరిది ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలోనే కూర్చున్నాడు. ఎవరైనా తన వేలితో తన కన్నే పొడుచుకుంటారా అని వాడి ధీమా. ఆమె లేచి వెళ్లి సెట్టును బోర్లా పరిచింది.

"ఇది దొంగ సెట్టు. అమ్మింది మా మరిది. వెనకున్న ముద్ర మా ఆయనది, సంతకం కూడా ఆయనదే. ఇవాళ్టి నుంచి ఆ ముద్ర చూసి ఎవరూ ఏదీ కొనకండి. నా కొట్లో కూడా."

హాలు గోలగోలైపోయింది. ఆ ముద్రను నమ్మి ఆల్బములు నింపుకున్న పళ్ల డాక్టరు మొహం ముందు పాలిపోయి, తర్వాత కందగడ్డయింది. ఈవిడకు మతి పోయిందన్నాడు. వాటాల గొడవై ఉంటుందని ఇంకొకరు అన్నారు. మరిది మెల్లగా జారుకోబోతే, టికెట్టు లేనివాణ్ణి ఆపినట్టు కండక్టరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. సాయంత్రానికి మరిది దగ్గర ఆ సరుకు కొన్నవాళ్లంతా ఫిర్యాదులు పట్టుకుని గుంపుగా స్టేషనుకు పోయేసరికి ఎస్సైకి నవ్వు రాలేదు. పెట్టెలు బయటికొచ్చాయి, అద్దాల తలుపుకు సీలు పడింది.

ఒక్కడంటే ఒక్కడు ఆమెకు మేలు చేశావని చెప్పలేదు. అసలు స్టాంపులున్న వాళ్లకే ఎక్కువ కడుపుమంట, వాటికీ విలువ పడిపోయింది కదా. మెట్ల దగ్గర నిలబడి వంతులవారీగా తిట్టిపోశారు. పక్కనే కూర్చున్నావు, నీకు తెలియకుండా జరిగిందా అని అందరూ అడిగారు. కండక్టరూ అదే అడిగాడు. ఆ ప్రశ్నే ఆమెను రాత్రింబవళ్లు కాల్చుకు తింటోంది. నెల తిరగకుండా కొట్టు ఖాళీ చేసింది.

తాళం కాంప్లెక్సు యజమానికి అప్పగించి ఇంటికొచ్చేసరికి, మీటింగు రోజు నుంచి పలకడం మానేసిన అత్తగారు నోరు విప్పింది.

"వాడు బతికుంటే ఈ పని చేసేదానివేనా?"

"బతికుంటే నేనెందుకు చెప్తాను అత్తయ్యా? చొక్కా పట్టుకుని లాక్కెళ్లి ఆయన చేతే చెప్పించేదాన్ని. చచ్చి బతికిపోయాడు."

ఆ మాట అన్నాక కూలబడి ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. అత్తగారు పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.