కాగితాన్ని కాల్చే తుపాకీ కోసం సికింద్రాబాదు

నాకు తుపాకీ లైసెన్సు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నన్ను చంపాలనుకునేవాళ్లు ఎవరూ లేకపోవడమే ఆ ఆలస్యానికి కారణం. విచారణకి మా ఇంటికి వచ్చిన ఎస్సై గారు కాఫీ తాగి, పెన్ను తీసి మొదలుపెట్టారు.

"మేడమ్, మీకు ప్రాణభయం ఏమన్నా ఉందా?"

"లేదండీ."

"పొలం తగాదాలు?"

"అసలు పొలమే లేదండీ."

"మరి తుపాకీ ఎవరి మీదకి?"

"కాగితం మీదకండీ. గుండ్రటి గీతలుంటాయి. యాభై మీటర్ల దూరంలో పెట్టి కొట్టాలి."

ఆయన పెన్ను మూసేశారు. "కాగితం ఏం పాపం చేసిందండీ?"

నేను చిలకలూరిపేట హైస్కూల్లో లెక్కల టీచర్ని. పేరు రాజ్యలక్ష్మి. కాలేజీలో కేడెట్‌గా ఉన్నప్పుడు బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ కాల్చాను, బాగానే కాల్చాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పదిహేడేళ్లు. ముప్పై ఎనిమిదో ఏట గుంటూరులో ఒక రైఫిల్ క్లబ్బు ఉందని తెలిసి ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టాను. పన్నెండు మంది సభ్యులకి అక్కడ ఒకటే రైఫిల్. ఆరడుగుల మనిషి కొలతలకి చేసిన, భుజానికి ఆనించే కర్ర, ఎడమకి లాగే బారెల్. ఆడవాళ్లం ఇద్దరమే కాబట్టి మా వంతు ఆఖర్న, ఎండ కళ్లలో పడే వేళకి వచ్చేది. దానితోనే జిల్లాలో రెండో స్థానం వచ్చింది. క్లబ్బు కార్యదర్శి గారు సంతోషించి ఒక మాటన్నారు: "సొంత రైఫిలుంటే మీరు పైకొస్తారు మేడమ్. దీంతో అయితే ఎడమకొస్తారు."

రెండు వేల రెండు ఫిబ్రవరిలో లైసెన్సు చేతికొచ్చింది. రాష్ట్రస్థాయి పోటీలు ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. రైఫిల్ దొరికేది హైదరాబాదులోనో, మద్రాసులోనో. చీటీ పాడితే పదహారు వేలొచ్చింది. మావారు "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటని ఆయన ఏ గొంతుతో అంటారో పెళ్లయిన ఆడవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. మిగతా ఎనిమిది వేలు ఇస్తానన్నది మా ఆడపడుచు కోటేశ్వరమ్మ వదిన. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతుంది. ఆమె పెట్టిన షరతు ఒకటే.

"ఎనిమిది వేలు పెట్టేదాన్ని, సరుకు చూడకుండా ఎట్టా? నేనూ వస్తా."

యార్డుకి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లారీల మీద లారీలుగా దిగే సీజన్లో వదిన రెండు రోజులు కొట్టు వదలడమంటే మాటలు కాదు. శుక్రవారం సెలవు పెట్టాను. రెండో శనివారం కలిసొచ్చింది.

గురువారం సాయంత్రం బస్సులో గుంటూరు చేరి వదిన ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఆరు గంటల రైలెక్కాము. నడికుడి మీదుగా వెళ్లే ఈ దారిలో మధ్యాహ్నానికి సికింద్రాబాదు చేరొచ్చు. వెళ్లేవాళ్లు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడకండి. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల దుమ్ము ముందు అక్కడ కూర్చున్నవాళ్ల మీదే పడుతుంది. సత్తెనపల్లి దాటేదాకా రెండు పక్కలా మిరప కల్లాలు, నేల మీద ఎర్ర దుప్పట్లు పరిచినట్టు. ప్రతి కల్లానికీ వదిన కిటికీలోంచే ధర కట్టింది. "అది మంచు తగిలిన కాయ. ఇది బాగుంది. అదుగో, వాడు తెల్లబారిన తాలుకాయ కలుపుతున్నాడు చూడు."

పిడుగురాళ్లలో ఎక్కిన ఒక సున్నం వ్యాపారి మా ఎదురుగా కూర్చున్నాడు. తెచ్చుకున్న పులిహోర ఆయనకీ కాస్త పెట్టాము.

"హైదరాబాదు ఏం పని మీదమ్మా? పెళ్లి బట్టలకా?"

"తుపాకీ కొనడానికి," అంది వదిన.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గొంతు తగ్గించి, ఎంతో సానుభూతిగా అడిగాడు. "ఏ ఊరి గొడవమ్మా?"

గొడవ లేదనీ, పోటీల కోసమనీ, కాగితం మీద కొడతామనీ వివరించాను. ఆయన ముఖంలో ఆసక్తి మెల్లగా చల్లారిపోయింది. కృష్ణ వంతెన దాటేసరికి నిద్రపోయాడు.

పన్నెండూ నలభైకి సికింద్రాబాదు. స్టేషన్ ఎదురు సందులో లాడ్జి, రెండు మంచాల గది రెండొందల యాభై. రిజిస్టర్లో వచ్చిన పని అన్న గడిలో "షాపింగ్" అని రాశాను. భోజనం చేసి ఆటోలో దుకాణానికి వెళ్తే తలుపుకి తాళం. మూడింటికి తెరిచారు. ఈ దుకాణాలకి మధ్యాహ్నం నిద్ర ఉంటుందని వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

యజమాని డెబ్బై ఏళ్ల పెద్దాయన. చెవిలో వినికిడి మిషన్. ఆయన మా వెనక గుమ్మం వైపు చూశాడు.

"సార్ రాలేదా అమ్మా?"

"సార్ ఇంటికాడ వంట చేస్తన్నాడు," అంది వదిన. "సరుకు చూపించు బాబూ."

మొదట మన దేశంలోనే తయారైన టూటూ రైఫిల్ తీశాడు. పదిహేడున్నర వేలు. వదిన దాన్ని నా చేతికి రానివ్వలేదు. బరువు చూసింది, వెలుతురుకి తిప్పింది, కర్ర మీద గోటితో గీసింది, చివరికి వాసన చూసింది. "వార్నీషు కింద ముడి ఉంది. పచ్చికర్ర" అని తీర్పు చెప్పింది. పెద్దాయన చెవిలో మిషన్ సరిచేసుకున్నాడు. ఆయన దుకాణంలో తుపాకీని వాసన చూసినవాళ్లు అంతకుముందు లేరనుకుంటాను.

తర్వాత గోడ బీరువాలోంచి ఇంకోటి తీశాడు. పాతది, జర్మనీలో చేసింది. రిటైరైన మిలిటరీ ఆఫీసరెవరో అమ్మిపెట్టమని ఇచ్చి వెళ్లాడట. ఎత్తి భుజానికి ఆనించాను. చెంప ఆనాల్సిన చోట ఆనింది. కన్ను గురిచూసే సైట్ కోసం వెతుక్కోలేదు, సైటే కంటి ముందుకొచ్చింది. ట్రిగ్గర్ మీద వేలు వేస్తే అది నా వేలి మాట వినడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. ఎదుటి గోడ మీది క్యాలెండర్లో ఏకాదశి అంకె మీద గురిపెట్టాను. గురి కదల్లేదు. పదిహేడేళ్లుగా నేనేం పోగొట్టుకున్నానో ఆ నిమిషంలో తెలిసింది.

వదిన నా మోచెయ్యి గిల్లింది. "రాజ్యం, మొహం అటు తిప్పు. బేరం చెడిపోద్ది."

బేరం చెడే ప్రమాదం లేకపోయింది. దాని ధర డెబ్బై అయిదు వేలు. వదిన అరగంట పోరాడి డెబ్బైకి దించింది. దించాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దాన్ని నేనే బీరువాలో పెట్టాను. పెట్టిన చేత్తో బీరువా తలుపు కూడా వేసేశాను.

"సరే, పచ్చికర్రదే ఇవ్వండి," అన్నాను.

పెద్దాయన లైసెన్సు తీసుకుని భూతద్దం పెట్టి మొదటి పేజీ నుంచి చదివాడు. మూడో పేజీ దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇది గుంటూరు జిల్లా వరకే చెల్లుతది."

"మేము గుంటూరు జిల్లావాళ్లమే కదండీ."

"మీరు సరే. దుకాణం ఇక్కడుంది కదా. మీరు కొనొచ్చు, నేను అమ్మొచ్చు. కానీ ఈ గడప దాటి మీ జిల్లా సరిహద్దు దాకా మీరు దీన్ని పట్టుకోకూడదు."

"మరి అది నడిచి వస్తదా?" అంది వదిన.

"రాష్ట్రమంతా చెల్లేటట్టు కలెక్టరాఫీసులో ఒక్క ముద్ర వేయించుకోండి. చిన్న పని."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

పెద్దాయన అబద్ధం చెప్పలేదు. లైసెన్సు తేదీ చూసి, నా ముఖం చూసి, బల్ల మీది మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

గ్లాసు మొత్తం తాగాను. ఏడుపు వచ్చినమాట నిజం. తరగతిలో పిల్లలకి ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలుపెట్టొద్దని చెబుతాను. పద్నాలుగు నెలలు ఎదురుచూసి తెచ్చుకున్న పుస్తకంలో మూడో పేజీ నేను చదవలేదు.

అప్పుడు పెద్దాయన లోపలికి వెళ్లి ఒక పొడుగాటి పెట్టె తెచ్చాడు. గాలి రైఫిల్. పాతదే కానీ పోటీలకి చేసింది. పక్కనున్న మీట లాగితే లోపల స్ప్రింగు బిగుస్తుంది. సీసపు పెల్లెట్ పది మీటర్లు వెళ్తుంది. పడుకుని కాదు, నిలబడి కాల్చాలి. దీనికి లైసెన్సు అక్కర్లేదు.

"అక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగాను.

"అస్సలు అక్కర్లేదమ్మా."

దుకాణం వెనక వరండాలో చెక్క మీద సుద్దముక్కతో చుక్కపెట్టి అయిదుసార్లు కాల్చమన్నాడు. బల్ల మీద మోచేతులు ఆనించి కాల్చాను. అయిదు రంధ్రాలూ పావలా బిళ్ల కింద దాచేయొచ్చు. కర్ర నాకు పొడుగైతే, స్క్రూడ్రైవర్ తెచ్చి వెనకనున్న రెండు చెక్కబిళ్లలు తీసి నా చేతికి సరిపెట్టాడు. ఇందాకటి దానంత అమరలేదు. అయినా నాది అనుకోగలిగినంత అమరింది. ఇరవై మూడు వేలని చెప్పినదాన్ని పెట్టె, రెండు డబ్బాల పెల్లెట్లు కలిపి ఇరవైన్నరకి వదిన తెగ్గొట్టింది. పోటీల దరఖాస్తులో ఏ విభాగమో ఇంకా నింపలేదు కాబట్టి గాలి రైఫిల్ గడిలో టిక్కు పెట్టుకోవచ్చు. అలా పద్నాలుగు నెలల లైసెన్సుని బ్యాగులో పెట్టుకుని లైసెన్సు అక్కర్లేని తుపాకీ కొన్నాను.

శనివారం రైల్లో చోటు దొరకలేదు. ఉదయం ఏడు గంటల బస్సెక్కి ఒంటిగంటంపావుకి విజయవాడలో దిగాము. భోజనం బాగుంది, గోంగూర మళ్లీ అడిగినా వేశారు. రెండింటికి గుంటూరు బస్సు. కృష్ణ దాటి తాడేపల్లి చేరగానే పోలీసులు బస్సాపారు. తనిఖీ.

కానిస్టేబుల్ పెట్టె మీద లాఠీతో తట్టాడు. "ఏందిది?"

నా బుద్ధి గడ్డితిన్నది. బిల్లు చూపిస్తే సరిపోయేది. నేను బిల్లుతో పాటు లైసెన్సు కూడా చూపించాను. ప్రభుత్వం ముద్ర ఉంది కదా, గౌరవిస్తారనుకున్నాను. రోడ్డు పక్క టార్పాలిన్ నీడలో కూర్చున్న ఎస్సై దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కుర్రవాడు, మర్యాదస్థుడు. లైసెన్సు చూశాడు, పెట్టె తెరిపించాడు.

"మేడమ్, లైసెన్సులో పాయింట్ టూటూ ఉంది. పెట్టెలో ఇది ఉంది. మరి టూటూ ఎక్కడుంది?"

"కొనలేదండీ."

"కొననిదానికి లైసెన్సెందుకు?"

"లైసెన్సున్నదాన్ని తేకూడదన్నారండీ. ఇది లైసెన్సు లేకుండా తేవొచ్చన్నారు."

"మరి లైసెన్సెందుకు చూపించారు?"

బస్సులోంచి కేకలు మొదలయ్యాయి. "ఏంటయ్యా ఆలస్యం?" "తుపాకీ అంట!" "ఆ ఆవిడ దగ్గరా?" సగం బస్సు కిందికి దిగింది.

"గాలితో పేలుద్దంటే నమ్మేదెట్టా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

ఎస్సై లేచాడు. ఇసుక బస్తాల మీద ఖాళీ సిగరెట్ పెట్టె నిలబెట్టించి, అందర్నీ వెనక్కి జరిపించి, పది అంగలు కొలిపించాడు. "కాల్చండి మేడమ్. చూద్దాం."

జీవితంలో మొదటిసారి నిలబడి కాల్చడానికి రైఫిల్ ఎత్తాను. ముందు ఇసుక బస్తాలు, వెనక పాతిక మంది ప్రయాణికులు. మొదటిది ఇసుకలో దిగింది. రెండోది ఇసుకలో దిగింది. "ఊపిరి బిగబట్టక్కా!" అని వెనకనుంచి ఎవరో సలహా ఇచ్చారు. బిగబట్టాను. మూడోదీ ఇసుకలోకే పోయింది. సిగరెట్ పెట్టె చెక్కుచెదరలేదు.

ఎస్సై లైసెన్సు మూసి మర్యాదగా నా చేతికిచ్చాడు. "దీనివల్ల ఎవరికీ ఏ ప్రమాదం లేదు. పంపించెయ్," అన్నాడు కానిస్టేబుల్‌తో.

గురి తగిలుంటే ఇంకెంతసేపు ఉంచేవారో తెలియదు. బస్సు కదిలాక ముందు సీటులోని ముసలావిడ వెనక్కి తిరిగి, "పర్లేదులే తల్లీ, కొత్త కదా" అంది. ఇన్నేళ్లలో నన్నెవరూ అంత లోతుగా పొడవలేదు. తల వంచుకుని కూర్చున్నాను. మంగళగిరి దాటాక వదిన నా వైపు తిరిగింది.

"గురి ఎందుకు పోయింది?" అంది.

"నాకు నిలబడి అలవాటు లేదు వదినా. కర్ర పొట్టి చేశాక సైట్ కూడా సరిచేసుకోలేదు. మూడూ ఎడమకే పోయినయ్."

"మూడూ ఒకే చోటికా?"

"ఒకే చోటికి."

"ఇంకేం మరి! యార్డుకి కొత్త కాటా తెస్తే మొదటి రోజు తప్పే తూస్తది. ఎప్పుడూ ఒకే తప్పు తూస్తే అది మంచి కాటా. తిప్పి సరిచేసుకుంటాం. రోజుకో రకంగా తూసేదాన్నే బయట పారేస్తాం." అని కిటికీలోంచి కోల్డ్ స్టోరేజీ ముందు నిలబడ్డ లారీల్ని లెక్కపెట్టుకోవడంలో పడింది.

గుంటూరు బస్టాండులో వదిన అటునుంచటే యార్డుకి పోయింది. నేను చిలకలూరిపేట బస్సెక్కాను. నాలుగూ ఇరవై. పత్తి లారీల వెనక బస్సు మెల్లగా పోతోంది, గాలిలో దూది తేలుతోంది. తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పోటీల దాకా మిగిలిన రోజులన్నీ మా పెరట్లో నిలబడి కాల్చాను. పోటీల్లో పందొమ్మిదో స్థానం వచ్చింది, పాల్గొన్నది ముప్పై నలుగురు. తుపాకీ కొనడానికి వెళ్లేవాళ్లు లైసెన్సు మూడో పేజీ చదవండి, అక్కర్లేని కాగితం ఎవరికీ చూపించకండి. అంతకుమించి నేనివ్వగల సలహా లేదు.

నన్నడిగితే, కావలసినదాన్ని భుజానికి ఒక్కసారి ఆనించుకుని వదిలి రావడం తుపాకీ కొనడం కంటే కష్టం. ఆ రోజు బస్సులో ఆ జర్మనీ రైఫిల్నే తలుచుకుంటూ కూర్చోవాల్సింది. తీరా చూస్తే, ఒళ్లో ఉన్న పెట్టె కాస్త తెరిచి సైట్ మీది మరలు తడుముతున్నాను.

కండక్టర్ వచ్చి పెట్టె చూశాడు. "లగేజీ కొట్టాలమ్మా. ఏముంది?"

"తుపాకీ."

"తగులుద్దా?"

"ఇంకా లేదు. రెండు మరలు కుడికి తిప్పాలి."

అతను ఆరు రూపాయల టికెట్ చింపి ఇచ్చి, "తిప్పండి మరి," అని ముందుకి వెళ్లిపోయాడు.