నురుగు సూది, చల్లని జెల్లు

మోలో పేటలో మెదింగ్ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కోకుండా పెళ్ళికి వెళ్ళిన మగవాడు లేడు. ఆ చొక్కాల కోసం ఏళ్ళ తరబడి నిలబడిన ఫలం ఎడమ కాల్లో తేలింది. పిక్క మీద నరాలు వానపాముల్లా మెలికలు తిరిగాయి. చీలమండ దగ్గర పడిన పుండు ఎంతకీ మానలేదు.

పస్మా అని పేట మొత్తం తేల్చేసింది. వేడి పని చేసిన ఒంటికి చన్నీళ్ళు తగిలితే నరాల్లోకి చలి దూరుతుందట. అందుకే ఇస్త్రీ చేసిన రోజు మెదింగ్ తెల్లారేదాకా కాళ్ళు కడిగేది కాదు. పుండున్న కాలిని కడగకపోతే ఎలా మానుతుందని అడిగే తెలివి ఒక్కరికీ లేకపోయింది. ఆమెకీ లేదు.

అలాంటి మనిషి, చివరికి పుండు బాధ పడలేక, డాక్టర్ లిగాయా బల్ల మీద పడుకుంది. అదీ, పొద్దున్నే దొంగచాటుగా నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసి మరీ వచ్చింది. డాక్టరమ్మ మోకాలి పక్కన స్కానింగు జెల్లు పూయగానే కెవ్వుమంది.

"అమ్మో, మంచులా ఉంది! డాక్టరమ్మా, పొద్దున ఇస్త్రీ పట్టాను. పస్మా కొడుతుంది!"

"అక్కా, సూది లోపలుండగా కాలు లాగావంటే మందు నరం బయటికి పోయి చర్మం పుండవుతుంది. అప్పుడు పస్మా కంటే ముందు నేనే కొడతాను. కదలకు."

రెండు సిరంజీల మధ్య, చెడిన నరాన్ని మూసేసే మందును అటూ ఇటూ తోసి డాక్టరమ్మ తెల్లటి నురుగు కట్టించింది. స్కానింగు తెర మీద నరం నల్లటి గుంటలా కనిపిస్తోంది. సూది మొన ఆ గుంట అంచున ఆగింది, తడుముకుంది, లోపలికి దిగింది. మెదింగ్ జపమాల పూసలు అరచేతిలో గుచ్చుకునేదాకా పిడికిలి బిగించింది. కాలు మాత్రం కదపలేదు. నల్లగుంట మెల్లగా తెల్లబడింది.

"ఛాతీలో బరువుగా ఉందా? కళ్ళు మసకబారుతున్నాయా?"

"లేదు. భయంగా ఉంది."

"దానికి నా దగ్గర మందు లేదు," అంటూ డాక్టరమ్మ కాలికి బిగుతు మేజోడు ఎక్కించింది. "రోజూ నడువు. నరం గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది. మూసుకుపోతోందని అర్థం, కంగారుపడకు. కానీ నేను చెప్పేదాకా ఎవరిచేతా ఆ కాలు పిసికించుకోవద్దు. నెత్తుటిగడ్డ లోపలి పెద్ద నరంలోకి జారితే ప్రాణం మీదికొస్తుంది."

ఆ "ఎవరిచేతా" అన్నది ఎవరినో మెదింగ్‌కి వేరే చెప్పక్కర్లేదు. భర్త అక్క తాసింగ్. పేటలో పట్టిన మెడా బెణికిన నడుమూ ఆమె చేతికిందికి రావలసిందే. మెదింగ్ పిల్లలు ముగ్గురూ ఆ చేతుల్లోనే పుట్టారు. అలాంటి చేతులను వద్దనడం ఎలా?

మూడో రోజుకి తొడ వెంట నరం తాడులా గట్టిపడి సలపసాగింది. కబురు ఎలా అందిందో, తాసింగ్ వెచ్చటి కొబ్బరినూనె గిన్నెతో దిగింది.

"నేను చెప్పానా లేదా? చల్లటి జెల్లు పూయించుకుని నరం గడ్డకట్టించుకున్నావు. ఆ మేజోడు విప్పు."

"వద్దు వదినా. పిసక్కూడదంది."

"ఎవతే ఆ మాట అన్నది? నీ కడుపులో అడ్డం తిరిగిన పిల్లాణ్ణి ఈ చేతులు కాదూ సరిచేసింది? అప్పుడెక్కడుందే నీ డాక్టరమ్మ?"

అంటూనే మేజోడు అంచు పట్టి కిందికి లాగింది. నూనె వేళ్ళు గట్టిపడిన నరం మీద పడ్డాయి. మెదింగ్ రెండు చేతులా వదిన మణికట్టు పట్టేసింది.

"చస్తాను వదినా! నీ చేతుల్లోనే చస్తాను. వదులు!"

తాసింగ్ చేతులు వెనక్కి తీసుకుంది. ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూడలేక మెదింగ్ మేజోడు పైకి లాక్కుని, లేచి సందులోకి నడిచింది. ఎలాగూ నడవమన్నారుగా. కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

"పడతావే, ఆగు!" అంటూ వెనకే తాసింగ్ వచ్చింది. నాలుగిళ్ళు దాటేసరికి ఆ గొంతు ఆగిపోయింది. మెదింగ్ వెనక్కి తిరిగింది. వదిన గోడకి ఆనుకుని, పళ్ళు కరుచుకుని, కుడి పిక్క పట్టుకుని నిలబడి ఉంది. చీలమండ దాకా జారే పొడుగు గౌను కాస్త పైకి లేచింది. కింద జామాకులు పెట్టి కట్టిన గుడ్డ. గుడ్డ మీద చీము మరక. ఆ పైన అవే మెలికల నరాలు.

"ఎన్నాళ్ళనుంచి వదినా?"

తాసింగ్ గౌను దించుకుంది.

"అందరి కాళ్ళూ నువ్వు పట్టావు. నీ కాలు ఎవరు పట్టారు?"

తాసింగ్ నూనె చేతులు గౌనుకి తుడుచుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ జెల్లు... మరీ చల్లగా ఉంటుందా?"

"మంచులా," అంది మెదింగ్, ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుంటూ. "నేను పక్కనే ఉంటాలే."