నేను చేసిన చప్పుడు స్విచ్చి

మా ఇంట్లో బల్బు చప్పట్లకు వెలిగేది. ఇప్పుడు ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు, వాళ్ల ఫోన్లు పిలిస్తే పలుకుతున్నాయి మరి. ఎనభైల చివర, కాజీపల్లిలో రేకుల కప్పు వేసిన కిరాయి గదుల వరసలో, చేతులు చరిస్తే దీపం వెలగడమంటే మామూలు సంగతి కాదు. లైన్లో వాళ్లంతా ఒకరి వెనక ఒకరు వచ్చి, చప్పట్లు కొట్టి చూసి పోయేవాళ్లు. ఒకాయన కొబ్బరికాయ కూడా పట్టుకొచ్చాడు. నేను వద్దనలేదు.

నేనొక మందుల ఫ్యాక్టరీలో కంప్రెషర్లు నడిపేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ పిచ్చి నాకు నేనే అంటించుకున్నది. ఒక నెలవారీ పత్రికలో బొమ్మ చూసి, సెలవు రోజు హైదరాబాదులో కోఠీ బజారుకు పోయి సామాను తెచ్చి, సబ్బు డబ్బాలో ఆ యంత్రాన్ని ఇరికించాను. గోరంత మైకు, నాలుగు ట్రాన్సిస్టర్లు, టక్కుమని పడి కరెంటు కలిపే ఒక రిలే. చప్పుడైతే బల్బు వెలుగుతుంది, ఇంకోసారి చప్పుడైతే ఆరుతుంది. ఎంత చప్పుడుకు పలకాలో చెప్పడానికి లోపల శనగగింజంత మర ఒకటి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో ఒక పక్కకు తిప్పితే గుసగుసకే పలుకుతుంది, ఇంకో పక్కకు తిప్పితే అరిస్తే గాని పలకదు.

మా ఆవిడకు మాత్రం అది పనికిమాలిన సరుకు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడుకే లైటు ఆరిపోయేది. మళ్లీ కొడితే వెలిగేది. ఒక రొట్టె అయ్యేసరికి గది పదిసార్లు చీకటయ్యేది.

"లేశి స్విచ్చి ఏస్తే నీ చేతులు అరిగిపోతయా?" అనేది. "గీ డబ్బాను పెండ్లి చేస్కోకపోతివి."

"నిన్ను చేస్కున్న తర్వాత సూశిన దీన్ని. ఏం చెయ్యాలె మరి," అనేవాణ్ణి.

"మెల్లగ మాట్లాడు. నేనేం కంప్రెషర్ అవతల లేను," అనేది.

అది నిజమే. ఆ హోరులో ఎనిమిదేళ్లు అరిచి అరిచి నా గొంతు అలా తయారైంది. ఊరికి పోతే, మా కొండాపూర్ వైపు చుట్టాలు నేను ఎవరితోనో కొట్లాడుతున్నానని బయటికి వచ్చి చూసేవాళ్లు. చెవులూ అంతే. సన్న చప్పుళ్లు నాకు ఎప్పుడో పోయాయి. ఆమె గాజుల చప్పుడు ఎలా ఉండేదో అప్పటికే మరిచిపోయాను. అందరిలాగే చెవుల్లో దూది పెట్టుకున్నాం, అందరిలాగే అది చాలనుకున్నాం.

ఒకరోజు ఆమె రొట్టె కొడుతున్నా లైటు ఆరలేదు. డబ్బా చెడిపోయిందనుకుని విప్పాను. గంటసేపు వెతికినా లోపం దొరకలేదు. నేను చప్పట్లు కొడితే బాగానే ఆరింది. చెడింది డబ్బా కాదు, ఆమె చేతుల్లో బలం పోతోంది.

నరాల జబ్బన్నారు హైదరాబాదులో. చేతుల వెనకే కాళ్లు పోయాయి, తర్వాత వేళ్లు ముడుచుకున్నాయి, తర్వాత గొంతు. గొంతు ఒక్కసారి పోలేదు. నీళ్లు ఇంకినట్టు, రోజుకింత సన్నబడుతూ పోయింది. ఏడాదిన్నరలో మంచం పట్టింది. మాకు పిల్లలు లేరు. నేను డ్యూటీకి పోతే ఆమె ఆ గదిలో ఒక్కతే.

పక్క గదిలో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను మేము ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఇంట్లోనే బట్టలు కుట్టేది. "నువ్వు పో భయ్యా, భాభీని నేను సూస్కుంట," అంది. పది గంటలకు వచ్చి జావ తాగించేది. కానీ మధ్యలో అవసరమైతే ఎలా పిలవాలి? గోడ అవతలికి మా ఆవిడ గొంతు వినబడదు. బెల్లు బటన్ పెట్టి చూశాను, వేలితో నొక్కలేకపోయింది.

అప్పుడు నా తెలివి పైకి లేచింది. సబ్బు డబ్బాను మంచం పక్క గోడకు మార్చి, బల్బు తీసేసి, ఆపా గదిలోకి తీగ లాగి, చప్పుడైతే కాసేపు మోగి ఆగే గంట బిగించాను. మా వైపు తెలియడానికి చిన్న ఎర్ర బల్బు పెట్టాను. మా ఆవిడ పిలిస్తే చాలు, అటు గంట మోగాలి. ఫ్యాక్టరీలో గొప్పగా చెప్పుకున్నాను. మా దగ్గర ఒక పెద్దాయన, ఎలక్ట్రీషియన్, విని అన్నాడు: "గదంత ఎందుకురా? అరచేతంత బటన్ ఒకటి మంచం పట్టెకు బిగించు. మోచేత్తో గుద్దుతది." నేను నవ్వాను. మోచేత్తో గుద్దే బటన్‌లో నా పనితనం ఏముంది?

మొదట్లో అది ప్రతిదానికీ మోగింది. లారీ పోతే మోగింది, కుక్కర్ కూతకు మోగింది, పక్క ఫ్యాక్టరీ సైరన్‌కు మోగింది. ఆపా పిండి చేతులతోనే ఉరికొచ్చేది. "భయ్యా, ఊకెనే మోగుతుంది. పరేషాన్ అయి ఉరికొస్తే భాభీ నవ్వుతది," అంది. కోపంతో కాదు, మామూలుగానే అంది. నాకే తల కొట్టేసినట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం, ఆపాకు గంట మోగకుండా తీగ ఊడదీసి, మర సరిచేయడానికి కూర్చున్నాను. కొంచెం తిప్పడం, "ఓయ్" అని అరవడం, ఎర్ర బల్బు వెలిగితే ఇంకొంచెం తిప్పడం. లారీ పోయినా మోగకుండా, నేను అరిస్తే మాత్రం మోగేలా తెచ్చాను. కంప్రెషర్ హౌస్‌లో ఏ పని సరిచూసినా మా పద్ధతి ఇదే, హోరులో మా అరుపు అవతలి మనిషికి అందితే సరిపోయినట్టే. అదే లెక్క ఇంట్లోనూ పెట్టాను.

గంట తీగ మళ్లీ కలిపి, "ఇగ నువ్వు పిలువు," అన్నాను.

"ఆపా," అంది. వెలగలేదు.

"జెర గట్టిగ."

మళ్లీ అంది. వెలగలేదు. మూడోసారి కూడా వెలగకపోయేసరికి నాకు విసుగొచ్చింది. "ఇంత కష్టపడి చేసి పెడితే నోరు తెరవవేందే?" అన్నాను. అలా అన్నాను. గొంతు పోతున్న మనిషిని పట్టుకుని ఆ మాటే అన్నాను.

మరను వెనక్కి తిప్పుదామని డబ్బా మీదికి వంగాను. అంతలో ఎర్ర బల్బు వెలిగింది. గోడ అవతల ఆపా, "వచ్చిన, వచ్చిన," అంటోంది. తిరిగి చూస్తే మా ఆవిడ నా వైపే చూస్తూ నవ్వుతోంది.

"మోగింది గద. ఇగ దాన్ని ముట్టకు," అంది.

నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను. ఆ రోజంతా మురిసిపోయాను.

అప్పటినుంచి డ్యూటీ దిగి రాగానే నా మొదటి మాట ఒకటే. "మోగిందా?"

"మోగింది."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు పిలిచిన. మూడుసార్లొచ్చింది ఆపా."

ఒళ్లు ఎట్లుంది, నొప్పి ఉందా అన్నది తర్వాత అడిగేవాణ్ణి. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే నిజం.

మంచం పక్కన స్టూలు మీద నీళ్లున్న స్టీలు గ్లాసు ఉండేది. చెంచా మాత్రం ఎప్పుడూ ఆమె వేళ్ల మధ్యే ఇరుక్కుని ఉండేది. గ్లాసుకు అన్నీ సొట్టలు. రోజూ నీళ్లు ఒలికి దుప్పటి తడిసేది. "చిన్నపిల్లవా చెంచాతో ఆడ్తందుకు?" అని దుప్పటి మారుస్తూ సణిగేవాణ్ణి. "పొద్దుపోవాలె గద," అనేది.

తడి పక్కలో పడుకుంటే ఆమెకు దగ్గు పట్టింది. అందుకని పటాన్‌చెరు అంగట్లో వెతికి, మూత ఉన్న ప్లాస్టిక్ గ్లాసు కొన్నాను. తేలిక, ఆకుపచ్చది, ఒలకదు. దూది ముక్కంత బరువు లేదు. మర్నాడు పొద్దున మొదటి షిఫ్టు. డ్యూటీకి పోయేముందు అందులో నీళ్లు పోసి స్టూలు మీద పెట్టాను. స్టీలు గ్లాసు, చెంచా కడగడానికి తీసుకున్నాను.

"ఆ గ్లాసు ఈడనే ఉండని," అంది.

"రెండు గ్లాసులెందుకే? ఇది తేలికుంది."

"చెంచన్న ఉండని."

"చెంచాతో ఏం పని? ఆపా వచ్చినప్పుడు తెస్తది గద."

బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. రెండూ గబగబా కడిగి పై అరలో బోర్లించాను. వెనక్కి తిరిగేసరికి ఆమె ఏదో చెప్పబోయింది. "ఏంది, జల్దీ చెప్పు," అన్నాను. నా మొహం చూసింది.

"మంచిగుంది గీ గ్లాసు," అంది.

పదిన్నరకు గేటు దగ్గరి వాచ్‌మన్ కంప్రెషర్ హౌస్‌లోకి వచ్చి నాతో ఏదో అన్నాడు. వినబడలేదు. మళ్లీ అన్నాడు. చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయి చెప్పాడు.

ఆపా పది గంటలకు జావ తీసుకుని వచ్చేసరికే అంతా అయిపోయింది. తెమడ గొంతులో అడ్డం పడింది. పక్కకు తిప్పి వీపు మీద తడితే జారిపోయేది, అంతకుముందు రెండుసార్లు ఆపా అలాగే చేసింది. నేను వెళ్లేసరికి మా ఆవిడ చేయి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. ప్లాస్టిక్ గ్లాసు కింద పడి ఉంది, పై అంచు నుంచి అడుగుదాకా పగిలి. మూత ఎక్కడో పోయింది. మంచం పట్టె చెక్క మీద ఒక చోట ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. చూశాను, నాకేమీ అర్థం కాలేదు.

పదో రోజు కర్మ ఊళ్లో ముగించి, గది ఖాళీ చేద్దామని కాజీపల్లికి వచ్చాను. ఆపా చాయ్ తెచ్చింది. నేను తాగలేదు. డబ్బా వైపు చూస్తూ, "గంట ఎట్ల మోగలేదు ఆపా? ఆమె పిలిచి ఉంటది గద," అన్నాను.

ఆపా చాయ్ గ్లాసు నా ముందు నుంచి పక్కకు జరిపింది. కొంగుతో మూతి అదుముకుంది.

"భయ్యా, భాభీ పిలిస్తే అది ఒక్కనాడు గూడ మోగలేదు," అంది. "చెంచాతోని గిలాస కొట్టేది. దానికి మోగేది. నువ్వు మొదటి దినం కోపం చేశినవట గద, నీ వెనకంగ గిలాస కొట్టిందట. నీకు ఇనబడలేదట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పొద్దని కసం తీస్కుంది నాతోని. 'డ్యూటీకెంచి వచ్చి, మోగిందా అని అడుగుతడు. మోగిందంటె ఆయన మొహం ఎంత మంచిగైతదో నువ్వు సూడలేదు ఆపా. గదొక్కటన్న ఉండని ఆయనకు' అన్నది." తల వంచుకుని మళ్లీ అంది. "ఆ దినం గంట మోగకపోతే, ఈ దినం భాభీ మంచిగున్నది అనుకున్న నేను. కుట్టుడు పని చేస్కుంట కూసున్న."

ఆమె వెళ్లిపోయాక గంట తీగ ఊడదీసి డబ్బా విప్పాను. మరను వెనక్కి తిప్పాను, అర చుట్టు కూడా కాదు. "ఆపా," అన్నాను మా ఆవిడలాగే, గొంతు బయటికి రాకుండా. ఎర్ర బల్బు వెలిగింది. అంతే పని. ఆ ఆదివారం రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే అయిపోయేది. దాన్ని చూస్తూ అక్కడే కూలబడి, ఏడవడం తెలియని వాడిలా ఏడ్చాను.

తర్వాత మరను మళ్లీ నేను పెట్టిన చోటికే తిప్పి, తీగ ఎప్పటిలా కలిపాను. పై అరలోంచి గ్లాసు, చెంచా దించాను. నేను కడిగి బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఆమె మంచం మీద కూర్చుని, గ్లాసును చెవి దగ్గర పెట్టుకుని చెంచాతో కొట్టాను. నాకేమీ వినబడలేదు. ఇంకోసారి కొట్టాను. చేతికి అదురు తెలిసింది గాని చప్పుడు తెలియలేదు. గోడ మీద ఎర్ర బల్బు మాత్రం వెలిగింది.

ఎవరో ఉరికొస్తున్నట్టు నేల అదిరింది. ఆపా గడపలో నిలబడింది, మోచేతుల దాకా పిండితో, ఆయాసపడుతూ. ఖాళీ మంచం మీద నన్ను చూసింది, నా చేతిలో గ్లాసు చూసింది.

"అలవాటైపోయింది భయ్యా," అని అక్కడే కూర్చుండిపోయింది.