ద్రాక్షరసానికి నేనిచ్చిన కోడు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి సెల్లార్లో కూర్చుని పదకొండేళ్లుగా జబ్బులకు కోడులు ఇస్తున్నాను. డాక్టరు రాసిన జబ్బును అంకెల్లోకి మార్చడం నా పని. మలం తారులా నల్లగా వస్తే ఒక కోడు, రక్తం కక్కుకుంటే ఇంకోటి. రక్తం ఎందుకు పోతోందో తేలకపోతే లక్షణానికే కోడు ఇచ్చి ఊరుకోవాలి, ఊహించి రాయకూడదు. ఈ నియమమంటే నాకు గౌరవం. ఇరవయ్యేళ్ల వయసు నుంచీ హేతువాద సభల్లో నేను గొంతు చించుకున్నది కూడా దీనికోసమే: తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోండి.

అలాంటి నేనే ఒక ఫైలు దగ్గర తప్పు చేశాను.

ఉయ్యూరు పక్క పల్లెలో ఒక చెరకు రైతు, అరవై దాటినవాడు. మూడు రోజులు నల్లటి విరేచనాలై, కళ్లు తిరిగి పడిపోతే తెచ్చి చేర్చారు. రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూస్తే పొట్ట లోపలి పొర పుండ్లు పడి ఉంది. పుండు కెమెరాకు కనిపిస్తుంది కానీ, అది ఎందుకు పడిందో కనిపించదు. డిశ్చార్జి కాగితంలో మాత్రం 'మద్యం వల్ల పొట్టలో పుండ్లు, రక్తస్రావం' అని రాశారు. చేరిన రోజు కాగితంలో 'మద్యం: వైను, అప్పుడప్పుడు' అని ఉంది. దాని కిందే 'చర్చి పెద్ద' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆదివారం ప్రసంగం, మిగతా ఆరు రోజులూ సీసా అనుకున్నాను. అప్పుడప్పుడు తాగే వైనుకు పొట్ట ఇంతగా పాడవుతుందా అని డాక్టరును అడగాల్సింది. అడగలేదు. నిమిషంలో మద్యం కోడు కొట్టి ఫైలు మూశాను.

మూడు వారాలకు ఆ రైతు దంపతులు పాత ఫైలు కోసం మా కౌంటర్ దగ్గరికి వచ్చారు.

"మళ్లీ నల్లగానే అవుతుందండి," అంది ఆమె. "కాగితంలో మందు మానెయ్యమన్నారంట గదా, మానేశారు. అయినా తగ్గలా."

"అసలేం తాగేవారండీ?" అని ఆయన్ని అడిగాను.

"నేను తాగడమేంటండీ!" ఆయన మొహం ఎర్రబడింది. "నెలకోసారి చర్చిలో ప్రభు బల్లలో ద్రాక్షరసం తీసుకుంటాం. అస్సలు ముట్టవా అని చేర్చుకున్న రోజు డ్యూటీ డాక్టరమ్మ రెట్టించి అడిగితే, అబద్ధమాడకూడదు గదాని అది చెప్పా."

"ఎంత ఉంటుంది?"

"చెంచాడండి. ఈవిడే పళ్లు ఉడకబెట్టి చేస్తది."

"తియ్యగుంటదండి, పిల్లలు ఇంకాస్త పొయ్యమని గొడవ," అంది ఆమె. వెంటనే గొంతు తగ్గింది. "మొన్న ఆదివారం గిన్నె చేతికొస్తే పక్కాయనకిచ్చేసి తల దించుకున్నారు. ఏం తప్పు చేశాడోనని అందరూ చూశారండి."

"మందులేమైనా వాడుతున్నారా?" అన్నాను.

"బీపీ లేదు, షుగర్ లేదు. ఏం లేవండి."

ఆయన చొక్కా జేబులోంచి బిళ్లల అట్ట ఒకటి తొంగి చూస్తోంది. "మరి అవి?"

"ఇవి మందులేంటండీ? మోకాళ్ల నొప్పులకి. పొద్దునోటి, సాయంత్రమోటి. చెరుకు నరకాలంటే వంగాలి గదా, చేలో అందరం వేసుకుంటాం."

అట్ట తీసుకుని పేరు చదివాను. పొట్టను పుండ్లు చేసే రకం నొప్పి బిళ్లలవి. ఆయన మానుకోవలసినదాన్ని వేసుకుంటూ, మానక్కర్లేనిదాన్ని మానేశాడు. అలా చేయమన్నది మా కాగితమే. ఆ కాగితం మీద కోడు నాది.

డాక్టరు రాసినదాన్ని నేను మార్చకూడదు. ప్రశ్న రాసి పంపవచ్చు, జవాబు నేనే సూచించకూడదు. 'రోగి రోజూ వాడే బిళ్లలు ఇవి. రక్తస్రావానికి కారణం తెలపగలరు' అని రాసి, అట్టను దానికి పిన్ను చేసి లేచాను.

"ఏవండీ నాస్తికుడు గారూ, చర్చి పెద్దలకి వకీలెప్పుడయ్యారు?" అన్నాడు పక్క సీటు ఆయన.

"ఇవాళే," అని, దంపతులను వెంటబెట్టుకుని పైకి నడిచాను.

ఓపీ కిక్కిరిసి ఉంది. డిశ్చార్జి కాగితం రాసిన డాక్టరు తలెత్తకుండా, "కోడింగ్ సంగతులు రేపు చూద్దామండీ," అన్నారు.

"రేపటికి ఈయన ఇంకో రెండు బిళ్లలు వేసుకుంటారండి. నేను మానమంటే వినరు, మీ కాగితం చెబితేనే వింటారు. చదివేదాకా కదలను."

క్యూలో ఎవరో విసుక్కున్నారు. డాక్టరు చదివారు. అట్టను తిప్పి చూశారు. పెద్దాయన్ని కూర్చోబెట్టి నేనడిగిన ప్రశ్నలే మళ్లీ అడిగారు. పాత వాక్యాన్ని కొట్టేసి, నొప్పి బిళ్లల వల్ల పుండ్లని రాసి సంతకం చేశారు. బిళ్లలు ఆపమని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ పూటే వార్డులో చేరమన్నారు.

పెద్దాయన లేవలేదు. "మరి బల్ల తీసుకోవచ్చా అండి?"

డాక్టరు నా వైపు చూశారు. ఇలాంటి ఆచారాల మీద ఎన్ని వేదికలెక్కి విరుచుకుపడ్డానో నాకే లెక్క లేదు. "చెంచాడు ద్రాక్షరసమండి," అన్నాను.

"నిరభ్యంతరంగా," అన్నారు డాక్టరు.

"అది కూడా రాయండి సారూ," అంది ఆమె. "నోటిమాటంటే మా ఊళ్లో నమ్మరు."

డాక్టరు నవ్వి, అదీ రాశారు.

నేను కిందికి వచ్చి ఫైలు తెరిచి మద్యం కోడు తీసేశాను. దిద్దుబాటు ఫారంలో పొరపాటు ఎవరిదన్నచోట నా పేరు రాశాను. కారణం అన్నచోట 'అడగకుండా నమ్మాను' అని రాసి, సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాను.