రాహువు ఇప్పించిన లెక్చరర్ పోస్టు

వనజకు యూనివర్సిటీలో ఉద్యోగం ఇప్పించింది వైస్ ఛాన్సలర్ కాదు, రాహువు. కబ్బన్‌పేటలో మా సందు పొడుగునా ఈ మాట ఉంది. మొదట ఎవరన్నారో తెలియదు, కళ్లారా చూసినవాళ్లు దొరకలేదు. నమ్మనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

వనజ మరమగ్గాల గోపాలప్ప కూతురు. ఆ ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడుతుంటే పక్కింటి గోడ గడియారం కూడా బెదిరి ఆగిపోయేది. ఆ చప్పుడులోనే కూర్చుని ఆ పిల్ల ఫిజిక్స్ చదివింది, నక్షత్రాల మీద పీహెచ్‌డీ చేసింది. మా సందులో డాక్టరనిపించుకున్న మొదటి మనిషి ఆమే. కొత్తలో జ్వరాలకూ దగ్గులకూ అందరం ఆమె దగ్గరికే పోయాం. పాపం, ఎవర్నీ ఉత్తగా పంపలేదు. ఒక్కొక్కరికీ శనిగ్రహం సంగతి చెప్పి పంపింది.

ఇంత చదువుకీ ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు. జులైలో పాఠాలు చెప్పమని పిలిచేవాళ్లు, మార్చి రాగానే ఇక చాలనేవాళ్లు. చివరికి ఆమె దగ్గర చదివిన పిల్లలే ఆమెకు పోటీగా అప్లికేషన్లు పెట్టే కాలం వచ్చింది. 1999లో ఒకే ఒక పోస్టు పడింది, ఖగోళం చెప్పే లెక్చరరు. ఇది తప్పితే వయసు దాటిపోతుంది, ఇంకెప్పుడూ అప్లికేషన్ పెట్టే వీలు లేదు.

ఇంటర్వ్యూ ఆగస్టు పదకొండున. ఆ సాయంత్రమే సూర్యగ్రహణం. సందు మొదట్లో పూలమ్మే అక్కయమ్మకు ఆ సంగతి నెల ముందే తెలుసు. సూర్యచంద్రుల పాఠం చెప్పే మనిషిని ఎంచబోయే పండితులకు మాత్రం తేదీ వేసేటప్పుడు తట్టలేదు.

"గ్రహణం పూట దేవుడే తలుపులేసుకుంటాడు. మీ కాలేజోళ్లు తెరుచుకోని కూర్చుంటారా? పోవద్దు పాపా," అని తల్లి వెంకటలక్ష్మి గడపకు అడ్డం నిలబడింది.

"నేను ఇంట్లో కూర్చుంటే గ్రహణం తొందరగా విడుస్తాదా? తప్పుకోమ్మా," అని వనజ తన తమ్ముడు గిరీష్ స్కూటర్ వెనక ఎక్కింది.

ఇక్కణ్నుంచి కథ, బయట స్కూటర్ దగ్గర కాచుకున్న గిరీష్ చెప్పింది. వాడు చెప్పినదాంట్లో సగం కొట్టేశాను. ఆ ఖాళీలో నాకు తోచింది పెట్టాను.

పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో పిలిచారు. వనజ దాకా వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆమె లోపలికి పోతే ఇంటర్వ్యూ చేసే ఐదుగురిలో నలుగురు వాచీలు చూసుకుంటున్నారు. ఐదో ఆయన, పరవూరి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు సుబ్బరాయుడు, అప్పటికే కిటికీ పరదాలన్నీ లాగేశాడు.

"నాది కర్కాటక రాశి. ఈ గ్రహణం నా కంట పడకూడదు. ఈ అమ్మాయిని ఇంకో రోజు చూద్దాం," అన్నాడాయన. మిగతా నలుగురూ ఫైళ్లు మూశారు.

ఇంకో రోజంటే ఏమిటో వనజకు తెలుసు. ఏటా మార్చిలో "మళ్లీ పిలుస్తాం" అని చెప్పే గొంతు అది.

"సార్, మీరు సూర్యుడి పక్కకు తిరగనే వద్దు, వీపు పెట్టి కూర్చోండి," అంది. "గోడను చూస్తే దోషమని ఏ పంచాంగంలో ఉండాది?"

సుబ్బరాయుడు జేబులోంచి పంచాంగం తీసి పేజీలు తిప్పాడు. దానికి జవాబు పంచాంగంలో లేదు, ఫిజిక్సులోనూ లేదు.

ఆయన తేరుకునే లోపల వనజ క్యాంటీన్‌కు పరిగెత్తి బూందీ గరిటె అడిగింది.

"గ్రహణం పట్టినాక బూందీ ఎవరు తింటారమ్మా?" అన్నాడు వంటాయన.

"బూందీకి కాదప్పా, పోస్టుకు!"

వచ్చి పరదా జానెడు జరిపింది. పడమటి ఎండ లోపలికి దూరింది. దానికి అడ్డంగా గరిటె పట్టుకుంది. ఎదురు గోడ నిండా చిన్న చిన్న సూర్యుళ్లు, ఒక్కొక్కటీ ఓ పక్క కొరికినట్టు! గిరీష్ లక్ష అన్నాడు. నేను పదివేలకు తగ్గించాను.

"గరిటె చిల్లులు గుండ్రంగా ఉన్నాయి గదా, గోడ మీద వెలుగు అట్లా ఎందుకు లేదు?" సుబ్బరాయుడు ఉండబట్టలేక అడిగాడు.

"అది చిల్లు ఆకారం కాదు సార్, సూర్యుడిది. మామూలు రోజు గుండ్రంగా పడేదీ సూర్యుడే. మనం చిల్లు అనుకుంటాం."

కాయితానికి మూడు మూలల చిల్లు పెట్టి ఎండకు పట్టింది. గోడ మీద మళ్లీ అదే కొరికిన సూర్యుడు. ఇక ఐదుగురూ కుర్చీలు వదిలేసి గోడ దగ్గర బడిపిల్లల్లా తోసుకున్నారు. ఒకరడిగితే ఇంకొకరు, ప్రశ్న మీద ప్రశ్న. వనజ ఒక్కదానికీ తడుముకోలేదు. పొద్దు గుంకేదాకా ఆ పాఠం ఆగలేదు. సుబ్బరాయుడు తన రాశిని మరిచిపోయి, గ్రహణం విడవకుండానే రెండు టీలు తాగాడట.

ఆర్డరు వచ్చిన రోజు గోపాలప్ప నాలుగు మగ్గాలూ ఆపేశాడు. కన్నతండ్రి పోయినప్పుడు కూడా ఆయన మూడే ఆపాడు. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి సందులో జనమంతా బయటికొచ్చారు. సంగతి తెలిశాక ఎవరి బిడ్డకు వచ్చిందో గుర్తులేనట్టు ప్రతి ఇంటివాళ్లూ మిఠాయి పంచారు.

మొన్న 2006లో వనజ ప్రొఫెసరైంది. ఇప్పుడు లెక్చరర్లను ఎంచే కుర్చీలో ఆమే కూర్చుంటోంది. మా నేతగాళ్ల సంఘం సన్మానం పెట్టి శాలువా కప్పింది. ప్రెసిడెంటు పెద్దమునియప్ప మైకు పట్టుకుని ఈ కథంతా ఇంతకు రెండింతలు చేసి చెప్పాడు. చప్పట్లు ఆగకముందే వనజ ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"అంతా సుళ్లు! ఒక్క మాటా నిజం కాదు," అంది. "ఆ పొద్దు ఊరంతా మబ్బు పట్టి ఉండె, ఎండనేదే లేదు. వాళ్లు నన్ను పాఠం చెప్పమనిరి, చెప్తి. నాకు చెప్పేది వస్తాది, అందుకే తీసుకుండిరి. ఇంకేమీ జరగనే లేదప్పా!"